ఆలస్యమును ఎవరు మోయవలెను?

రైలుబండ్ల ఆలస్యమును గూర్చి సంఘపత్రికలో వ్రాయుట ఏమని మీలో కొందరికి తోచవచ్చును. అది రైల్వేవారి పని గదా, మనకేల అని అనవచ్చును. అయితే మన పల్లెలనుండి పట్టణమునకు పోవు కూలివారును, కూరగాయల గంపలవారును, కాలేజీ పిల్లలును, పెద్దాసుపత్రికి పోవు రోగులును ఎక్కునది పాసింజరు బండి. ఆ బండి రెండు గంటలు ఆలస్యమైనచో ఆసుపత్రిలో ఓ.పి. చీటీలు ఇచ్చు వేళ దాటిపోవును. కూలివాడు అడ్డా మీదికి చేరునప్పటికి మేస్త్రీలు తమకు కావలసినవారిని పిలుచుకొని పోయియుందురు. తోటకూర కట్ట వాడిపోవును. కోర్టు వాయిదాకు పోవలసినవాని పేరు మూడుసార్లు పిలిచి ఊరకుందురు. ఒకని దినము పోయెననగా ఆ దినపు అన్నము పోయినట్లే. కాబట్టి ఇది నీతికి సంబంధించిన ప్రశ్నయే అని నా అభిప్రాయము.

మన పెద్దలకు నిమిషములతో పనియుండెడిది కాదు. కోడికూత, బారెడు ప్రొద్దు, మిట్టమధ్యాహ్నము, దీపాలవేళ, ఇవి వారి గడియారము. ఘడియ అనినను ఇరువదినాలుగు నిమిషములు. అంతకంటె చిన్న కొలతను పల్లెలోనికి తెచ్చినది రైలుబండియే. 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడచినది. అప్పటికి ఒక్కొక్క పట్టణమునకు దాని దాని సూర్యునిబట్టి ఒక్కొక్క వేళ. బండ్లు అట్లు నడచుట వీలుకాదు గనుక రైల్వేలు మద్రాసు కాలమును అనుసరించినవి. తరువాత 1906 జనవరి 1వ తేదీనుండి దేశమంతటికి ఒకే కాలము ఏర్పడినది. దానికి ఆధారమైన రేఖ మన కాకినాడ సమీపముగా పోవుచున్నది. దీనినిబట్టి చూడగా టైముటేబులు అనునది ఒక పెద్ద మాట. ఎన్నడు ముఖము చూడని లక్షలమందికి, ఫలాని స్టేషనులో ఫలాని నిమిషమునకు ఉందుమని ఇచ్చిన మాట.

ఆ మాట తప్పిపోవుటకు కారణములు అనేకములు. ఉత్తరదేశములో డిసెంబరు, జనవరి నెలలలో పొగమంచు కురియగా ఢిల్లీనుండి వచ్చు బండ్లు మన విజయవాడకు గంటలకొలది ఆలస్యముగా చేరును. పట్టాలు మరమ్మతు చేయుచోట బండి మెల్లగా పోవలెను. చలికి పట్టా కుంచించుకొని అతుకు విడును, ఎండకు సాగి వంగును. వీటిలో ఎవరి తప్పును లేదు. నేను చెప్పదలచినది వీటిని గూర్చి కాదు. ఆలస్యము ఒకసారి పుట్టిన తరువాత దానిని ఎవరో ఒకరు మోయవలెను. అది గాలిలో కలిసిపోదు. ఎవరి నెత్తిన పెట్టుచున్నాము? పెట్టినట్టు ఒప్పుకొనుచున్నామా?

ఒంటిలైను మీద ఈ సంగతి కంటికి కనబడును. ఎదురెదురుగా రెండు బండ్లు వచ్చునప్పుడు ఒకటి స్టేషనులో ప్రక్కనున్న లూపు లైనులోనికి తొలగవలెను. వెనుకనుండి వేగముగల బండి వచ్చుచున్నను అంతే. రెండు లైన్లున్న మార్గములోను ఇది తప్పదు. ఏది తొలగవలెనో సెక్షను కంట్రోలరు నిర్ణయించును. అతడు ఎక్కడో పట్టణములో కూర్చుండి స్టేషను మాస్టరునకు చెప్పును. తొలగునది సాధారణముగా పాసింజరు బండియే. కిటికీలు తెరచుకొని మనము వేడిలో కూర్చుండగా, అద్దములు మూసుకొన్న బండి దుమ్ము లేపుకొనుచు పోవును. అది పోయిన తరువాత మరియొకటి వచ్చుచున్నదని గార్డు చెప్పును. పిల్లలు నీళ్లు అడుగుదురు. ఎరిగినవారు దిగి వేపచెట్టు నీడకు పోవుదురు.

ఇది అన్యాయమని తొందరపడి అనకూడదు. కంట్రోలరు వైపునుండి కూడ ఆలోచింతము. పాసింజరు బండి ఆరేడు కిలోమీటర్లకు ఒకచోట ఆగును. దానిని ముందు విడిచినచో వెనుకనున్న వేగపు బండి దాని తోక పట్టుకొని నడువవలెను, దాని వెనుకనున్నవి కూడ అట్లే. ఒక బండిని పది నిమిషములు ఆపి నాలుగు బండ్లను విడిచిపెట్టుట, నాలుగు బండ్లను అరగంట చొప్పున ఆపుటకంటె మేలు. ఎక్స్‌ప్రెసులో కూడ పేదవారు లేకపోలేదు. జనరలు పెట్టెలో ఒంటికాలిమీద నిలిచి హౌరాకో చెన్నైకో పోవు కూలివారు మనకంటె ఎక్కువ శ్రమపడుచున్నారు. కాబట్టి ఆగుటయే అన్యాయమని నేననను. ఎవరో ఒకరు ఆగవలసినదే.

ఇంకొక సంగతి కూడ కలదు. ఎక్కడనైనను ప్రమాదము జరిగి మనుష్యులు గాయపడినచో, వైద్యులను, పనిముట్లను తీసికొని ఆ స్థలమునకు పోవు సహాయపు బండికి దారి ఇయ్యవలెను. ఎంత ఎక్కువ ఛార్జీగల బండియైనను దానికి తొలగవలసినదే. అక్కడ ముందుపోవు హక్కు అవసరమునుబట్టి వచ్చుచున్నది. రైల్వే నిబంధనలలో ఈ ఒక్క నియమము నాకు మిక్కిలి ఇష్టము. తొలగుట ధర్మమగు సందర్భము కలదని వారికి తెలియును.

అయితే లెక్క ఎట్లు వ్రాయుచున్నారో చూడుడి. మనదేశములో మెయిలు, ఎక్స్‌ప్రెసు బండి ఆఖరు స్టేషనులో 15 నిమిషములలోపు ఆలస్యముతో చేరినచో అది వేళకు చేరినట్టే లెక్క. మధ్యనున్న స్టేషనులలో ఎప్పుడు వచ్చినదని ఆ లెక్క అడుగదు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారు 2022లో పార్లమెంటు ముందుంచిన నివేదికలో, ఈ బండ్లు వేళకు చేరుట 2012-13లో నూటికి 79గా ఉండి 2018-19 నాటికి 69కి దిగెనని చెప్పిరి. ఆ అంకె కూడ ఆఖరు స్టేషనునుబట్టి కట్టినదే. నడిమి ఊరిలో గంట కాచుకొని ఎక్కినవాడును, నడిమి ఊరిలో గంట ఆలస్యముగా దిగినవాడును అందులో లేరు.

మీ ఇంట టైముటేబులు ఉన్నయెడల, లేక పిల్లల ఫోనులో చూచినను సరే, ఒక పని చేయుడి. ఏదైన దూరపు బండి పెద్ద స్టేషనునుండి బయలుదేరి మొదటి స్టేషనునకు పోవుటకు ఎన్ని నిమిషములు ఇచ్చిరో చూడుడి. అదే బండి తిరిగివచ్చునప్పుడు ఆ స్టేషనునుండి పెద్ద స్టేషనునకు ఎన్ని నిమిషములు ఇచ్చిరో చూడుడి. దూరము అదే, పట్టాలు అవే. అయినను రాకడకు పోకడకంటె చాల ఎక్కువ వేళ ఇచ్చిన బండ్లు అనేకము కనబడును. దారిలో కలిగిన ఆలస్యము చివరను పూడ్చుకొనుటకు ఈ మిగులు కాలము. మిగులు ఉంచుకొనుట తప్పు కాదు. రైతు విత్తనములు ఎక్కువగా ఉంచుకొనడా? అయితే ఆ మిగులంతయు చివరి మెట్టునే పోసియుంచిన ఫలమేమనగా, దారి పొడవున ఆలస్యముగా వచ్చిన బండి ఆఖరున వేళకు వచ్చినదని వ్రాయబడును. ఒక్కొక్కప్పుడు వేళకంటె ముందే వచ్చి ఊరి బయట సిగ్నలు దగ్గర నిలిచియుండుట మీరు చూచియే యుందురు.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో వర్తకుని సంచిని గూర్చి ఒక ఆజ్ఞ కలదు. ఒకే తూనికకు పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి సంచిలో ఉంచుకొనరాదు. కొనునప్పుడు ఒకటి, అమ్మునప్పుడు ఒకటి తీయు వర్తకులు ఆ కాలమందును ఉండిరి కాబోలు. గమనింపదగినది ఏమనగా, ఆ ఆజ్ఞ ధర ఎంత ఉండవలెనని చెప్పలేదు. ఖరీదైనది అమ్మరాదనియు చెప్పలేదు. రాయి ఒక్కటే ఉండవలెనన్నది. పట్టణవాసి గంటను ఒక రాతితోను, పల్లెవాసి గంటను ఇంకొక రాతితోను తూచు లెక్క ఏదైనను ఆ ఆజ్ఞకు దగ్గరగా వచ్చుచున్నది. 2020 మార్చిలో మహమ్మారివలన నిలిపివేసిన పాసింజరు బండ్ల సంగతియు ఇట్టిదే. వాటిలో కొన్ని తిరిగివచ్చునప్పుడు ఎక్స్‌ప్రెసు అను పేరుతో వచ్చినవి. నడక పాసింజరుదే, ఛార్జీ మాత్రము ఎక్స్‌ప్రెసుది. ఆ ఛార్జీ 2024లో తగ్గించిరి, అది సంతోషము. పేరు మార్చినంతమాత్రమున బండి వేగము పెరుగదని మన పల్లెలలో ముసలమ్మలకు సహితము తెలియును.

ఇది మన దేశమునకే పరిమితమైన బలహీనత కాదు. క్రమశిక్షణకు పేరుపొందిన జర్మనీ సంగతి వినుడి. అక్కడ 6 నిమిషములలోపు ఆలస్యమైన బండిని వేళకు వచ్చినట్టే ఎంతురు. అయినను 2024లో వారి దూరపు బండ్లలో నూటికి 62 లేక 63 మాత్రమే వేళకు చేరినవి. మిక్కిలి ఆలస్యమైన బండిని ఒక్కొక్కప్పుడు గమ్యమునకు ముందే ఆపి, ప్రయాణికులను దింపి, అక్కడనుండియే వెనుకకు మరలించుట కలదు. తిరుగుప్రయాణములో అది వేళకు నడచును. దింపబడినవారు చేరవలసిన స్టేషనునకు ఆ బండి చేరనే లేదు గనుక, ఆలస్యమైన బండ్ల లెక్కలోనికి అక్కడ అది రాదు. లెక్క బాగుపడినది, పెట్టె పట్టుకొని ప్లాటుఫారము మీద నిలిచినవాడు మిగిలెను. దేశము ఏదైనను, బండిని లెక్కించువాడు మనుష్యుని మరచుట సులభము.

జపానులో జరిగినది ఇంకను దుఃఖకరమైనది. అక్కడ ఒక నిమిషము ఆలస్యము కూడ ఆలస్యమే; ఆ పట్టుదల ప్రశంసింపదగినదే. కాని 2005 ఏప్రిల్ 25వ తేదీన అమగసాకి అను చోట ఒక బండి మలుపులో పట్టాలు తప్పి ఒక భవనమును ఢీకొనెను. 106 మంది ప్రయాణికులు, వారితోకూడ 23 సంవత్సరముల వయస్సుగల డ్రైవరు మరణించిరి. ఆ మలుపులో గంటకు 70 కిలోమీటర్లు మించరాదు. బండి దాదాపు 116 కిలోమీటర్ల వేగముతో ప్రవేశించెను. అంతకుముందు స్టేషనులో అతడు ఆగవలసినచోట ఆగక 70 మీటర్లకు పైగా ముందుకు పోయి, వెనుకకు వచ్చి జనులను ఎక్కించుకొనెను. అందువలన కలిగిన ఆలస్యము ఒకటిన్నర నిమిషము మాత్రమే.

ఇందులో ఒక చిన్న సంగతి నన్ను వదలుట లేదు. ఎంత దూరము దాటిపోయినది కంట్రోలునకు తగ్గించి చెప్పుమని ఆ డ్రైవరు గార్డును వేడుకొనెను. గార్డు 8 మీటర్లని చెప్పెను. ఎందుకనగా ఆ కంపెనీలో ఇట్టి తప్పు చేసినవానిని పని మాన్పించి, దినములతరబడి కూర్చుండబెట్టి, పశ్చాత్తాపపత్రములు వ్రాయించి, అందరిలో అవమానపరచుచుండిరి. ఆ యువకుడు ఒకసారి అది అనుభవించియుండెను. గార్డు ఏమి చెప్పుచున్నాడో అను ధ్యాసలో అతడు బ్రేకు వేయుట ఆలస్యమైయుండునని విచారణ చేసినవారు తేల్చిరి. చూచితిరా? భయము మొదట తూనికను తప్పుడు చేసినది, తరువాత ప్రాణములు తీసినది. ఒక పెద్ద సంస్థ మోయవలసిన ఒకటిన్నర నిమిషము భారమును ఒక కుర్రవాని మెడకు కట్టిరి. తరువాత ఆ మార్గమును తిరిగి తెరచినప్పుడు టైముటేబులును కొంత సడలించిరి. ఆ సడలించిన నిమిషములు ముందే ఇచ్చియుండిన అని ఎవరికైనను అనిపించును.

అదే 2005లో, అక్టోబరు 29వ తేదీన, అప్పటి నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర డెల్టా ఫాస్టు పాసింజరు బండి వరదకు కొట్టుకొనిపోయిన చిన్న వంతెన దగ్గర పడిపోయి నూరుమందికి పైగా మరణించిరి. రేపల్లెనుండి సికింద్రాబాదునకు పోవుచుండిన బండి అది. మనవంటివారే అందులో ఉండిరి. అంతకుముందు 1956లో మహబూబునగరు దగ్గర వంతెన కూలి మరియొక ఘోరము జరిగెను. ఆ సంవత్సరమే నవంబరులో మద్రాసు రాష్ట్రమందలి అరియలూరులో జరిగిన ప్రమాదము తరువాత రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు పదవి విడిచిపెట్టిరి. ఇవి తలచుకొనునప్పుడు, వానాకాలపు రాత్రి లాంతరు పట్టుకొని పట్టాల వెంబడి నడచుచు, నీరు పొంగెనని బండిని ఆపు గస్తీవాని యెడల మనము కోపపడగలమా? అతడు తెచ్చు ఆలస్యము మన ప్రాణమునకు వెల. దానిని సంతోషముగా మోయవలెను. ఆలస్యములన్నియు ఒక్క జాతివి కావు. ప్రాణరక్షణకై ఆగుట ఒకటి, ఇతరులకు దారి ఇచ్చుటకై ఆగుట ఒకటి, ఎవరును పట్టించుకొననందున ఆగుట ఇంకొకటి. లూపు లైనులో కూర్చున్నవానికి ఈ మూడింటిలో ఇది ఏదియో ఎవరైనను చెప్పినచో సగము అలసట తీరును. మైకులో చింతించుచున్నామని చెప్పు గొంతు ముందే పట్టి ఉంచినది. ఆ గొంతునకు చింత లేదని చిన్నపిల్లలకును తెలియును.

రైల్వేవారిని ఇంతగా అడిగిన తరువాత మనవైపు కూడ చూచుకొనవలెను. పెండ్లివారు బండి ఎక్కుచున్నారు, పెద్దమామ ఇంకను జీడిపప్పు పొట్లము కొనుచున్నాడు, బండి కదలినది, ఎవరో గొలుసు లాగుదురు. చట్టప్రకారము కారణములేక గొలుసు లాగినవానికి ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని కలదు. చట్టము మాట అటుంచి లెక్క వేయుడి. వెయ్యిమంది ఉన్న బండి పది నిమిషములు నిలిచినచో పదివేల నిమిషములు, అనగా రాత్రింబవళ్లు కలిపి దాదాపు ఏడు దినములు. ఒక పొట్లము జీడిపప్పుకొరకు ఏడు దినముల మనుష్యజీవితము తీసికొంటిమి. అందులో ఆసుపత్రికి పోవువాడు ఎవడైన ఉండెనేమో లాగినవానికి తెలియదు. తెలిసియుండినచో లాగెడివాడు కాడని నేను నమ్ముచున్నాను. మనవారు కఠినహృదయులు కారు. ప్రక్కపెట్టెలోని మనుష్యుడు కంటికి కనబడడు, అంతే.

ఆరాధనకు మూడవ గంట కొట్టు వేళ మన సంఘములలో ఎట్లు నిర్ణయింపబడుచున్నదో కూడ ఆలోచింపుడి. ఎనిమిదింటికని చెప్పుదుము. కూలివారు పిల్లలను కడిగి, దూరపు పాలెమునుండి నడచివచ్చి, ఏడున్నరకే చాపమీద కూర్చుందురు. పట్టణమునుండి రావలసిన పెద్దల కారు రానందున గంట కొట్టరు. ఆ తరువాత ఒకనాడు ఆ కూలివాడే అయిదు నిమిషములు ఆలస్యముగా వచ్చినయెడల, గుమ్మములోనే ఎవరో ఒకరు మందలింతురు. పేదవారు వేళ పాటింపరని మన పెద్దలు కొందరు అనుచుందురు. వారు ఎంతసేపు కాచుకొనిరో ఎవరును వ్రాసిపెట్టలేదు గనుక అట్లనుట వారికి సులభము.

వ్రాసిపెట్టుట మనచేతిలోని పనియే. మన స్టేషనులో పాసింజరు బండి రాకను గూర్చి రైల్వేవారికి విన్నవించుకొనదలచినవారు, ఊరక ఎప్పుడును ఆలస్యమే అని వ్రాసినచో అది బుట్టలోనికి పోవును. తేదీ, బండి నంబరు, రావలసిన వేళ, వచ్చిన వేళ, ఎక్కడ ఎంతసేపు నిలిపిరో, ఇవి ఒక నోటుపుస్తకములో ఒక నెల విడువక వ్రాయవలెను. వేళకు వచ్చిన దినములను కూడ వ్రాయవలెను. వాటిని మానినచో మన సంచిలోను రెండవ రాయి చేరును. డివిజనునకు ప్రయాణికుల సలహాసంఘము ఒకటి యుండును, పార్లమెంటు సభ్యునికి కూడ ఒక ప్రతి పంపవచ్చును. మధ్య స్టేషనులలో చేరిన వేళను కూడ లెక్కలో చేర్చుడని, ఆపినప్పుడు ఎందుకు ఆపితిరో ఎంతసేపో చెప్పుడని అడుగవలెను. ప్రతిదినము ఆ బండిలో కాలేజీకి పోవు మన పిల్లలు ఈ పుస్తకమును బాగుగా వ్రాయగలరు. వారికి గడియారము చేతిలోనే ఉన్నది, కాచుకొనుటకు వేళయు కావలసినంత ఉన్నది.